వచ్చి చెప్తానన్న మనిషి

ప్రూఫులు దిద్దడమంటే తప్పులు పట్టడమేనని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. జీవితంలో చాలా భాగం ఆ పనే చేసి, కళ్లు సహకరించక మానేశాను. ఇప్పుడు భిలాయిలో మా స్మృతి నగర్‌లోనే ఇద్దరు ముగ్గురు పిల్లలు కంప్యూటర్ మీద తెలుగు పుస్తకాలు దిద్దే పనిలో చేరామని వచ్చి, "ఆంటీ, ఏమైనా చెప్పండి" అంటున్నారు. జీతాల సంగతి, సర్టిఫికెట్ల సంగతి నాకు తెలియదు. నన్ను కుదిపేసిన సంగతులు ఒకటి రెండు ఉన్నాయి, అవే చెప్తాను.

తెలుగు రాని యజమాని

మా నాన్న కాకినాడ వైపు నుంచి భిలాయి ప్లాంటుకి ఫిట్టరుగా వచ్చాడు. నన్ను మాత్రం ఇంటర్ దాకా అమ్మమ్మ దగ్గరే ఉంచి తెలుగులో చదివించారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వస్తే చదవడం రాదు, అందుకని నాకు పవర్‌హౌస్ మార్కెట్ వెనక ఉన్న ప్రెస్సులో ఉద్యోగం దొరికింది. యజమాని తివారీ గారు. హిందీ తప్ప ఇంకో అక్షరం తెలియదు. కానీ ఊరినిండా తెలుగువాళ్లున్నారని, పెళ్లికార్డులకీ గృహప్రవేశం కార్డులకీ లోటుండదని ఎక్కడినుంచో తెలుగు టైపులు కొని తెచ్చాడు.

ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటే. ప్రూఫు నా ముందుంచి, "రత్నాజీ, ఆప్ నే దేఖ్ లియా న? బస్" అనేవాడు. నేను చూశానంటే చాలు, మిషన్ ఎక్కించేవాడు. మంచివాడే. కానీ చదవలేని యజమాని కింద పనిచేసేటప్పుడు మీ తప్పు పట్టుకోవడానికి ఇంకెవరూ ఉండరు. ఎవరైనా మెచ్చుకుంటారని చూడకండి, చివరికి మీరొక్కరే మిగులుతారు.

కంపోజిటర్ నూకరాజు మా ప్రెస్సుకి ప్రాణం. విజయనగరం మనిషి, చేతులు ఎంత వేగమో నోరూ అంతే. మా ఇద్దరికీ ఒక అలవాటుండేది. కాపీ, అంటే వాళ్లు రాసిచ్చిన కాగితం, నేను గట్టిగా చదివేదాన్ని, అతను ప్రూఫు చేతిలో పెట్టుకుని గుర్తులు పెట్టేవాడు. కంటితో చదివితే కన్ను తనకి కావలసిందే చూసుకుంటుంది. పైకి చదివితే ఆ దొంగాట కుదరదు. ఇది మీరు ఇవాళైనా చేయచ్చు, నవ్వేవాళ్లు నవ్వుతారు.

బతికున్నవాడి పెద్దకర్మ

ఒకసారి నేను చుట్టాలింట్లో పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఆ రోజుల్లో చరోదా రైల్వే కాలనీ నుంచి పెద్దకర్మ కార్డు వచ్చింది. పోయినాయన అన్న, పిలుస్తున్నాయన తమ్ముడు. తొందరలో పేర్లు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. రత్నాజీ లేదు కదా, వచ్చేదాకా ఆగుదామని తివారీ గారు అనుకోలేదు. కొట్టించి ఇచ్చేశాడు.

నేను తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఆ తమ్ముడు కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటండీ, నా పెద్దకర్మకి నన్నే పిలుత్తన్నారేటి?" అన్నాడు. కార్డు తీసుకుని నూకరాజుకి చూపించాను. నూకరాజు ముఖం పాలిపోయింది. ఆ తమ్ముడు మాత్రం నవ్వాడు, నవ్వుతూనే బల్ల మీద కూర్చుండిపోయాడు.

"పిలిసేవోల్ల పేర్లలో మా అన్న పేరు సూసినానమ్మా. ఒక్క నిమిసం ఆడు బతికే ఉన్నాడనుకున్నాను" అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. అప్పటినుంచి ఏ కాగితం వచ్చినా ముందు పేర్లు చదివి, తర్వాత మిగతాది చదవడం మొదలుపెట్టాను. వాక్యంలో తప్పుంటే చదివేవాడు సర్దుకుంటాడు. పేరులో తప్పుంటే సర్దుకోవడానికి అక్కడ మనిషే ఉండడు.

సింహాద్రి మాస్టారు

తొంభైల మొదట్లో తెలుగు సంఘం వాళ్లు ఒక పాత పుస్తకం తెచ్చారు. అట్ట లేదు, కాగితం చింతపండు రంగు తేలింది. అది ఇక్కడి తెలుగువాళ్ల మొదటి నిఘంటువు. జనం దాన్ని పనిమాటల పుస్తకం అనేవారు. కొత్త ముద్రణ వేయాలని సంఘం తీర్మానించింది.

దాన్ని తయారుచేసింది సింహాద్రి మాస్టారు. ప్లాంటు కడుతున్న రోజుల్లో పార్వతీపురం వైపు నుంచి వచ్చి, కూలీల క్యాంపులో పిల్లలకి గుడారంలో బడి పెట్టాడు. ఆ పిల్లలు ప్లాంటు ఆట ఆడేవాళ్లట. ఒకడు క్రేను, ఒకడు మేస్త్రీ, ఇంకొకడు బరువు. ఆ ఆటలో వాళ్లు అరిచే మాటలు సగం మాస్టారికి తెలియవు. శ్రీకాకుళం మాటకి హిందీ తోక, ఇంగ్లీషు మాటకి విజయనగరం తల. ఎక్కడ నేర్చుకున్నార్రా అంటే నాన్న దగ్గర అన్నారు. ఆయన నాన్నల దగ్గరకి బయల్దేరాడు.

ఆయన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. మనిషి దగ్గరకెళ్లి ముందు పేరు అడిగేవాడు, తర్వాత ఊరు, తర్వాత చేసే పని. అవి రాసుకున్నాకే మాట అడిగేవాడు. అచ్చులో కూడా ప్రతి మాట కింద చెప్పినవాళ్ల పేరు, ఊరు, పని ఉన్నాయి. ఒక నిఘంటువు చేయడానికి ఇంత మర్యాద ఎందుకు మాస్టారూ అని సంఘంలో ఆయన్ని కలిసినప్పుడు అడిగాను. "మాట ఆలది, నానెవుడ్ని దాన్ని ఊరికే పట్టుకుపోడానికి?" అన్నాడు.

ఆ చిన్న పుస్తకం చేసిన పని తక్కువది కాదు. ఊరినుంచి కొత్తగా దిగినవాళ్లు దాన్ని జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్లేవారు. హిందీ సూపర్‌వైజర్లు చదివించుకుని మార్జిన్లలో దేవనాగరిలో అర్థాలు రాసుకునేవారు. ఏ కేకకి పక్కకి తప్పుకోవాలో, ఏ కేకకి పట్టుకోవాలో అందులో ఉండేది. మా నాన్న దగ్గర ఒక ప్రతి ఉండేదని నాకు లీలగా జ్ఞాపకం. ఎవరైనా ఒక మాట గురించి వాదించుకుంటే మాస్టారి పుస్తకం తీసేవాళ్లు, అక్కడితో తగాదా తీరేది. నాకు దేవుడి గ్రంథం తర్వాత అంత నమ్మకమైన పుస్తకం అదే అనిపించేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఈశ్వరమ్మ విన్న పేరు

మా ప్రెస్సులో బైండింగు ఈశ్వరమ్మది. అచ్చయిన పెద్ద కాగితాలు, ఫారాలంటాం, మడవడం, కుట్టడం, జిగురు పెట్టడం. రుఆబాంధా బస్తీ నుంచి సైకిల్ మీద వచ్చేది. ఇక్కడే పెరిగింది, హిందీ చదవగలదు, తెలుగు అక్షరాలు రావు. మేం పైకి చదువుతుంటే ఆవిడ పక్క బల్ల దగ్గర కాగితాలు మడుస్తూ వింటూ ఉండేది.

ఒకరోజు నిఘంటువులో 'చ' అక్షరం చదువుతున్నాం. "చుట్టకుదురు. బరువు మోసేవారు తల మీద పెట్టుకునే గుడ్డ చుట్ట. గుండ్రని సామాను దొర్లకుండా కింద వేసే తాడు చుట్ట. చెప్పినవారు బమ్మిడి రాములు, గొల్లవలస, ఇటుక మోత" అని చదివాను.

మడత చప్పుడు ఆగిపోయింది.

"మల్లీ సదవండి దీదీ" అంది ఈశ్వరమ్మ. చదివాను. "ఊరు?" అంది. గొల్లవలస అన్నాను. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. నాకు కంగారు పుట్టి మంచినీళ్లు తెచ్చాను. తాగలేదు.

"మా నాన్న" అంది.

అప్పుడు చెప్పింది. తండ్రి ముందు వచ్చాడు. తల్లి చంటిపిల్లని ఎత్తుకుని వెనక వచ్చింది. వచ్చేసరికి అతను లేడు. ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనని తెలుసు గనుక వెళ్లి అడిగింది. ఆ పేరుగలవాడెవడూ మా దగ్గర పనిచేయలేదు పొమ్మన్నారు. గ్యాంగు అప్పటికే ఇంకో చోటికి వెళ్లిపోయింది. మొగుడు వదిలేసి పోయాడని కొందరన్నారు. అసలు మొగుడే లేడని ఇంకొందరన్నారు. తల్లి ఇటుకలు మోసి పిల్లని పెంచింది, చనిపోయే దాకా ఆ రెండు మాటలూ పడింది. ఫోటో లేదు, కాగితం లేదు.

"ఆడు ఇక్కడికొచ్చినాడని ఇన్నాల్లకి ఒకలు సెప్పినారు దీదీ" అంది. నూకరాజు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఆవిడ పాత చీర ముక్కతో చుట్టకుదురు చుట్టి జిగురు గిన్నె కింద పెట్టింది. వచ్చిన ప్రతివాళ్లకీ చూపించి, "ఇది మా నాన్న సెప్పిన మాట, పుస్తకంలో ఉన్నాది" అనేది. కూతురికీ అల్లుడికీ చెప్పింది. తివారీ గారికి కూడా హిందీలో విడమర్చి చెప్పింది. ఆయన ఆ గుడ్డ చుట్టకి నమస్కారం పెట్టాడు.

వాళ్లు ఏ మాటా చెప్పలేదు

కొత్త ముద్రణకి సంపాదకుడు విశ్వనాథం గారని ఇంజనీరు. చదువుకున్నవాడు, పుస్తకాన్ని యూనివర్సిటీలకి పంపాలని ఆయన ఆశ. ఒకరోజు మాస్టారిని వెంటబెట్టుకుని ప్రెస్సుకి వచ్చాడు. మాట కింద పేర్లన్నీ తీసేద్దాం, ఏ నిఘంటువులోనూ ఇలా ఉండదు, పేజీలు కూడా కలిసొస్తాయి అన్నాడు.

మాస్టారు పోట్లాడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పాడు. తర్వాత పెన్సిలుతో అక్కడక్కడ గుర్తులు పెట్టి, పుస్తకం విశ్వనాథం గారి వైపు జరిపాడు.

"సరే బాబూ. ఉన్నోల్లవి తీసేయండి. ఆలకి ఇల్లున్నాయి, గుమ్మం మీద పేర్లున్నాయి. ఈ గుర్తెట్టినోల్లవి మాత్రం ఉంచండి."

"వీళ్లవే ఎందుకు? గొప్ప మాటలు చెప్పారా?" అన్నాడు విశ్వనాథం గారు.

"నేదు. ఈలు ఏ మాటా సెప్పలేదు."

నాకు వినబడింది గానీ అర్థం కాలేదు. మాస్టారే విడమర్చి చెప్పాడు. ప్లాంటు కట్టేటప్పుడు ప్రమాదాల్లో పోయినవాళ్లు వీళ్లు, చిన్న కాంట్రాక్టర్ల కింద, పేరు రాయని పనుల్లో. గ్యాంగువాళ్లు తన దగ్గరకి వచ్చి, "మాస్టారూ, మీరు పేర్లు రాసుకుంతారు గదా, మావోడిదీ రాయండి" అనేవారట. మాట లేకుండా ఉత్త పేరు అచ్చువేయనని అప్పటి ముద్రాపకుడు అన్నాడు. నలుగురైదుగురు చెప్పిన మాటలుంటే, మాస్టారు వాటిలో ఒక్కోటి తీసి ఒక్కో పేరు మీద రాశాడు.

ఇన్నేళ్లూ తగాదాలు తీర్చిన పుస్తకం, నేను గ్రంథం తర్వాత గ్రంథమని నమ్మిన పుస్తకం అది. విశ్వనాథం గారు పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "చెప్పనివాడు చెప్పాడని రాస్తే, మిగతావాళ్లు చెప్పారని ఎలా నమ్మాలి మాస్టారూ? అర్థాలు మాత్రం నిజమని ఎలా నమ్మాలి?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. నిఘంటువులో అబద్ధం రాయకూడదు. ఆ రోజూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. ప్రేమతో రాసినా సరే, అబద్ధం అబద్ధమే.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఈశ్వరమ్మ మడిచిన ఫారాలు గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. ఆవిడెవరో మాస్టారికి తెలియదు. ఆవిడ వచ్చి పుస్తకంలో గుర్తు పెట్టిన చోటు చూపించమని నన్ను అడిగింది. 'చ' పేజీ తిప్పాను. పెన్సిలు గుర్తు అక్కడ ఉంది.

"మాస్టారూ, నాను బమ్మిడి రాములు కూతుర్ని" అంది.

మాస్టారు కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు.

"మాట సంగతి పోనీండి. మనిసి ఉన్నాడా, నేడా? అదొక్కటే సెప్పండి. పేరు కూడా మీరే అల్లినారేటి?"

ఆవిడ తల్లి పడ్డ మాటలన్నీ ఆ ఒక్క జవాబు మీద ఆగి ఉన్నాయి.

"ఉన్నాడమ్మా" అన్నాడు మాస్టారు. "ఈ మిగతావోల్లని నాను సూళ్లేదు. మీ నాన్నని సూసినాను. ఇటికల కాడ నీల్లు తాగుతున్నాడు. పేరడిగినాను, సెప్పినాడు. ఊరు సెప్పినాడు. పని అడిగితే నవ్వి ఇటికలు సూపించినాడు. మాట అడిగేసరికి పైనించి మేస్త్రీ పిలిసినాడు. 'వచ్చి సెప్తానుండండి' అని పరంజా ఎక్కినాడు. నానక్కడే కూకున్నాను."

పరంజా ఏమైందో ఎవరూ అడగలేదు. ఆయనే, "ఇంటికెల్లి సూసుకుంతే పేరు ఉన్నాది, ఊరు ఉన్నాది, మాట కాడ కాళీ ఉన్నాది. అలగ ఒగ్గీలేకపోనాను తల్లీ" అన్నాడు.

ఈశ్వరమ్మ ఏడవలేదు. ఫారాలు బల్ల మీద పెట్టి అంచులు సరిచేసింది. "చుట్టకుదురు తీసేయండి దీదీ. ఆ మాట ఎవులిదో ఆలకిచ్చేయండి. మా నాన్నది కాదు" అంది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఆడు సెప్పిన మాటున్నాది గదా. మీరే సెప్పినారు గదా ఇప్పుడు" అంది.

మిగిలిన పేజీలు

పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయని మీకు తెలిసే ఉంటుంది. ఆఖరి ఫారంలో విషయం అయిపోయి కొన్ని పేజీలు ఖాళీగా మిగులుతాయి. మామూలుగా వాటిని అలాగే వదిలేస్తాం, లేదా ప్రెస్సు ప్రకటన వేసుకుంటాం. పేర్లన్నీ తీసేశాక ఆ నిఘంటువులో అలాంటి ఖాళీ మిగిలింది.

నేను విశ్వనాథం గారితో నేరుగానే మాట్లాడాను. మీరు కోరినట్టు లోపల అబద్ధం ఒక్కటి కూడా ఉండదు, వెనక మాత్రం ఈ పేర్లు మాట లేకుండా ఉన్నవి ఉన్నట్టు వేస్తాం అన్నాను. మాటల్లేని పేర్లు నిఘంటువులో ఎలా వేస్తామని ఆయన అన్నాడు. నూకరాజు అందుకుని, "అయ్యా, ఆలు మాట సెప్పకుండా పోనారన్నది నిజమే గదండీ. నిజం వెయ్యడానికేటి ఇబ్బంది?" అన్నాడు. విశ్వనాథం గారు ఆ రోజు ఏమీ తేల్చకుండా వెళ్లిపోయాడు. రెండో రోజు తివారీ గారికి ఫోన్ చేసి, ఆ ఖాళీ పేజీలు మీ ప్రెస్సువి, మీ ఇష్టం అన్నాడు. అంతకన్నా ఎక్కువ ఆయన దగ్గర ఆశించడం న్యాయం కాదు. పుస్తకానికి ఆయన పేరు ఉంది, రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆయన.

పైన ఏం శీర్షిక పెట్టాలన్నది సమస్య అయింది. 'అమరులు' అని నూకరాజు అన్నాడు. మాస్టారికి నచ్చలేదు. ఈశ్వరమ్మ జిగురు కలుపుతూ, "ఆడేటన్నాడో అదే ఎట్టండి" అంది. 'వచ్చి చెప్తామన్నవారు' అని పెట్టాం. దాని కింద పేర్లు, ఊళ్లు, పనులు. రాములు పేరు పక్కన మాత్రం అతను అన్న మాట, అతను అన్నట్టుగానే. ప్రూఫులో నూకరాజు 'సెప్తాను'ని 'చెప్తాను' చేశాడు. నేను కొట్టేసి మళ్లీ 'సెప్తాను' అని రాశాను. నా ఉద్యోగంలో తప్పు అనిపించేదాన్ని అలాగే ఉంచమని పట్టుబట్టి గెలిచింది అప్పుడే.

మాస్టారు ఆ పుస్తకం చేతికొచ్చాక ఎన్నో ఏళ్లు బతకలేదు. ఆయన గురించి ఇవాళ్టికీ నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ పోవు. అంత శుద్ధమైన మనిషి అంత పని చేశాడన్న అదురు ఇంకా తగ్గలేదు. ఆయన ఆ పని చేయకపోయి ఉంటే మా ప్రెస్సులో ఒక మనిషి తండ్రి లేకుండానే పోయేదన్నదీ నిజమే. మీకు ఇలాంటిది ఎదురైతే నేనేం చెప్పగలను? అబద్ధం తీసేయండి. మనిషిని తీసేయకండి. రెండూ ఒకేసారి చేయడానికి వీలైన ఖాళీ ఎక్కడో ఉంటుంది, వెతకండి.

ఆఖరి ఫారం మిషన్ మీంచి దిగిన రోజు నూకరాజు తడి ఆరని కాగితం తెచ్చి ఈశ్వరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. అక్షరాల మీద వేలు ఆనించకుండా పైన గాలిలో నడిపించి, ఎక్కడుందో చూపించమంది. చూపించాను.

"ఆ రోజు సదివినట్టు సదవండి దీదీ" అంది.

పైకి చదివాను. "బమ్మిడి రాములు. గొల్లవలస. ఇటుక మోత. చెప్పిన మాట, వచ్చి సెప్తానుండండి."

ఈశ్వరమ్మ ఆ కాగితాన్ని మధ్యకి మడిచి, గోటితో మడత నొక్కింది.

"వొచ్చినాడు" అంది. ఇంకో కాగితం తీసుకుంది.